పీహెచ్‌పీ నేర్చుకోవడానికి ఏ టూల్స్, ఏ పాఠాలు? (4 జీబీ ల్యాప్‌టాప్, తెలుగు మీడియం)

మల్లెపందిరి:
అందరికీ నమస్కారం. బీకామ్ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ కొంతవరకు వచ్చు. ఫారం తయారు చేయగలను కానీ, అందులో నింపిన వివరాలను దాచుకోవడం ఎలాగో తెలియదు. అందుకే వెబ్ సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను.

నాన్నకు ఎరువుల దుకాణం ఉంది. రైతులకు అరువిచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకుంటారు. ఆ అరువు ఖాతాను కంప్యూటర్లోకి ఎక్కించాలని నా కోరిక. నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి పేర్లు, ఊళ్లు అన్నీ తెలుగులోనే కనబడాలి.

ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 10, 4 జీబీ ర్యామ్. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. తెలుగు వీడియో ఒకటి చూసి దాంట్లో ఉన్నట్టే కోడ్ కొడితే "అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్_కనెక్ట్" అని ఆగిపోయింది. అక్షరం అక్షరం సరిచూశాను, ఎక్కడా తేడా లేదు. ఏం ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఏది చదవాలి, ఏది వదిలేయాలి? దయచేసి చెప్పండి.

కృష్ణాతీరం:
అమ్మా, నీ కోడ్‌లో తప్పు లేదు. పాఠమే పాతది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే, మైఎస్‌క్యూఎల్_ అని మొదలయ్యే ఆ ఫంక్షన్లను 2013లో వచ్చిన 5.5 వెర్షన్‌లోనే "ఇక వాడొద్దు" అని ప్రకటించారు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. నీ దగ్గరున్నది 8 అయి ఉంటుంది. అందులో ఆ ఫంక్షనే లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఈ భాష 1995 నుంచి ఉంది. ఇన్నేళ్లలో రాసిన పాఠాలు, తీసిన వీడియోలు అన్నీ నెట్‌లో అలాగే పడి ఉన్నాయి. వెతికితే పైన కనబడేది కొత్తదే అవుతుందన్న నమ్మకం లేదు. పాఠం తెరవగానే తేదీ చూడు. తేదీ లేకపోతే కోడ్ చూడు. మైఎస్‌క్యూఎల్_క్వెరీ కనబడినా, పాస్‌వర్డ్‌ను ఎమ్‌డీ5 అనే పాత, బలహీనమైన పద్ధతితో దాచినా, ఫారంలోంచి వచ్చిన మాటను చుక్క పెట్టి నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యంలో అతికించినా ఆ పాఠం మూసెయ్. చెప్పేవారు ఎంత బాగా చెప్పినా సరే. పీడీఓ (పీహెచ్‌పీలోంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి), ప్రిపేర్ (విలువలను ఎస్‌క్యూఎల్ వాక్యానికి విడిగా పంపడం), పాస్‌వర్డ్_హ్యాష్ (పాస్‌వర్డ్‌ను భద్రంగా దాచడం) అనే మాటలు కనబడితే ముందుకు వెళ్లొచ్చు.

అమీర్‌పేట_పాఠాలు:
నేను హైదరాబాద్‌లో శిక్షణ ఇస్తుంటాను. కృష్ణాతీరం గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చేతులు మారుతూ తిరిగే జిరాక్స్ నోట్సుల్లో ఇప్పటికీ ఆ పాత ఫంక్షన్లే ఉంటున్నాయి.

ఇన్‌స్టాల్ సంగతికొస్తే, ఎగ్జాంప్ వేసుకోండి. అపాచీ సర్వర్, మరియాడీబీ డేటాబేస్, పీహెచ్‌పీ ఒకేసారి వచ్చేస్తాయి. టేబుళ్లు చూసుకోవడానికి పీహెచ్‌పీమైఅడ్మిన్ కూడా ఉంటుంది. మీ ఫైళ్లను హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ అని కొట్టి తెరవాలి. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే కుదరదు. అపాచీ స్టార్ట్ కాకపోతే 80వ పోర్టును వేరే ప్రోగ్రాం పట్టుకుని ఉందేమో చూడండి.

కోడ్ రాయడానికి వీఎస్ కోడ్, అందులో ఇంటెలిఫెన్స్ అనే ఎక్స్‌టెన్షన్. ఫంక్షన్ పేరు తప్పు కొడితే అప్పుడే కింద గీత గీసి చూపిస్తుంది.

కృష్ణాతీరం:
అమీర్‌పేట గారూ, ఇక్కడ మాత్రం నాది వేరే మాట. 4 జీబీ మెషీన్‌లో వీఎస్ కోడ్, క్రోమ్, అపాచీ, మరియాడీబీ నాలుగూ కలిసి నడిస్తే పాపం ఆ అమ్మాయికి నేర్చుకోవడం కంటే ఎదురుచూడటమే ఎక్కువవుతుంది. 5.4 వెర్షన్ నుంచి పీహెచ్‌పీలోనే ఒక చిన్న సర్వర్ ఉంది. పీహెచ్‌పీ సైట్ నుంచి విండోస్ జిప్ దించుకుని, ఒక ఫోల్డర్లో విప్పి, ఆ ఫోల్డర్‌ను పాత్‌లో (ప్రోగ్రాంల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చితే చాలు. తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పీహెచ్‌పీ -ఎస్ లోకల్‌హోస్ట్:8000" అని కొట్టాలి (ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎస్ పెద్దది). అంతే, సర్వర్ నడుస్తుంది.

డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్ చాలు. దానికి వేరే సర్వర్ అక్కర్లేదు, ఖాతా మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది. పీడీఓ ద్వారా నేర్చుకుంటే రేపు మైఎస్‌క్యూఎల్‌కు మారినా కనెక్షన్ లైను, ఎస్‌క్యూఎల్‌లో కొన్ని చిన్న తేడాలు తప్ప మిగతా పద్ధతంతా అదే.

ఒక్క పని మరిచిపోవద్దు. జిప్‌లో "పీహెచ్‌పీ.ఐఎన్ఐ-డెవలప్‌మెంట్" అనే ఫైల్ ఉంటుంది. దానికి ఒక కాపీ తీసి "పీహెచ్‌పీ.ఐఎన్ఐ" అని పేరు మార్చాలి. ఆ ఫైల్లో ఎక్స్‌టెన్షన్_డిర్ = "ఈఎక్స్‌టీ", ఎమ్‌బీస్ట్రింగ్, పీడీఓ_ఎస్‌క్యూలైట్, ఐఎన్‌టీఎల్ అనే లైన్ల ముందున్న సెమీకోలన్ తీసేయాలి. డెవలప్‌మెంట్ ఫైల్ వాడితే ఎర్రర్లన్నీ తెర మీద కనబడతాయి. ఎర్రర్ కనబడకుండా తెల్ల పేజీ వచ్చిందంటే కొత్తవాళ్లు చీకట్లో తడుముకోవాల్సిందే.

అమీర్‌పేట_పాఠాలు:
మెషీన్ పరంగా మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ కమాండ్ ప్రాంప్ట్, పాత్ అనేసరికి చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. బటన్ నొక్కగానే నడిచేది ఉంటే మొదటి వారం ధైర్యంగా గడుస్తుంది. పైగా బయట హోస్టింగ్‌లో ఎక్కువగా దొరికేది మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లే. వాటితో పరిచయం ఉండటం మంచిది.

డల్లాస్_తెలుగు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు పీహెచ్‌పీ ఎందుకండీ? జావాస్క్రిప్ట్ అయితే బ్రౌజర్లోనూ, నోడ్ అనే ప్రోగ్రాం ద్వారా సర్వర్ మీదా అదే భాష. ఒకటి నేర్చుకుంటే రెండు వైపులా పనికొస్తుంది. ఉద్యోగాలూ దానికి ఎక్కువ కనబడుతున్నాయి.

కృష్ణాతీరం:
జావాస్క్రిప్ట్ ఎలాగూ నేర్చుకోవాల్సిందే, దాంట్లో వాదన లేదు. కానీ ఆమె అడిగింది ఫారం నింపితే అది ఎక్కడికి వెళ్తుంది, ఎలా దాచాలి అని. పీహెచ్‌పీలో ఆ ప్రశ్నకు జవాబు ఒక ఫైల్లో కనబడుతుంది. ఫారం పంపిన మాట పోస్ట్ అనే అర్రేలో ఉంటుంది, దాన్ని తీసి డేటాబేస్‌లో వేస్తాం, పని అయిపోతుంది. నోడ్‌లో అదే పనికి ముందు ప్యాకేజీలు, రౌటింగ్, అసింక్ అన్నీ అర్థం కావాలి. ఇంకోటి, పీహెచ్‌పీ పేజీ ప్రతిసారీ మొదటి నుంచి నడిచి ముగుస్తుంది. ఏదైనా మార్చి సేవ్ చేసి రీఫ్రెష్ కొడితే ఫలితం కనబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది చాలా మేలు చేసే గుణం.

వికీ_నేస్తం:
పీహెచ్‌పీ పాతబడిందనే మాట వింటుంటాం కానీ, మనం రోజూ చదివే తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ మీద. అది రాసింది పీహెచ్‌పీలోనే. వర్డ్‌ప్రెస్ కూడా అంతే. భాష బతికే ఉంది. 2020లో వచ్చిన 8 వెర్షన్ తర్వాత ఏటా నవంబరు, డిసెంబరు ప్రాంతంలో కొత్త వెర్షన్ వస్తూనే ఉంది.

మల్లెపందిరి గారూ, మీ ఖాతా తెలుగులో ఉండాలన్నారు కాబట్టి మీకు ఏ ఇంగ్లీషు పాఠంలోనూ ఎదురుకాని ఇబ్బంది ఒకటి వస్తుంది. ముందే చెబుతాను. "తెలుగు" అనే మాట పొడవు ఎంత? స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్‌ను అడిగితే 18 అంటుంది. ఎందుకంటే అది బైట్లను లెక్కపెడుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఎమ్‌బీ_స్ట్ర్‌లెన్‌ను అడిగితే 6 అంటుంది. త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి. గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ అయితే 3 అంటుంది. మనం చూసి చెప్పే లెక్క అదే.

దీనివల్ల ఏమవుతుందంటే, రైతు పేరును పది అక్షరాల దగ్గర కత్తిరించి చూపిద్దామని సబ్‌స్ట్ర్ వాడితే బైట్ల మధ్యలో తెగి చివర పిచ్చి గుర్తు వస్తుంది. ఎమ్‌బీ_సబ్‌స్ట్ర్ వాడితే పిచ్చి గుర్తు రాదు కానీ గుణింతం ఊడిపోవచ్చు. "రాములు" కాస్తా "రాముల" అవుతుంది. గ్రాఫీమ్_సబ్‌స్ట్ర్ వాడండి. ఒత్తుల విషయంలో ఇంకో సంగతి ఉంది. "శ్రీ" లాంటి వాటిని ఒకే అక్షరంగా చూడాలన్న నియమం, అన్ని భాషల అక్షరాలకు కోడ్‌లిచ్చే యూనికోడ్ ప్రమాణం 15.1 వెర్షన్‌లో, అంటే 2023లో వచ్చింది. మీ పీహెచ్‌పీ వెనకుండి యూనికోడ్ నియమాలు అమలు చేసే ఐసీయూ లైబ్రరీ అంతకంటే పాతదైతే రెండుగా లెక్కపెట్టొచ్చు.

నిజానికి పీహెచ్‌పీ 6 అనేది భాషలోనే యూనికోడ్ పెట్టాలని తలపెట్టిన వెర్షన్. అది పూర్తికాక ఆపేశారు, 5 నుంచి నేరుగా 7కు వెళ్లారు. అందుకే ఈ ఎమ్‌బీ_, గ్రాఫీమ్_ ఫంక్షన్లు విడిగా గుర్తుపెట్టుకోవాల్సి వస్తోంది. తెలుగులో పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఒక్క అధ్యాయం చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. మన భాషలో పనిచేసే ప్రోగ్రాం రాయాలంటే ముందు కావాల్సింది ఇదే కదా.

మల్లెపందిరి:
వికీ నేస్తం గారూ, చాలా థాంక్సండీ. నాకు ఇంకో చోట పేర్ల బదులు అన్నీ ప్రశ్నార్థకాలు వచ్చాయి. అది కూడా ఇదేనా?

వికీ_నేస్తం:
కాదండీ, అది డేటాబేస్ వైపు సంగతి. మైఎస్‌క్యూఎల్ వాడి ఉంటారు. టేబుల్ లేదా కనెక్షన్ లాటిన్1లో (ఇంగ్లీషు లాంటి పడమటి భాషల అక్షరాలకే పనికొచ్చే పద్ధతిలో) ఉంటే తెలుగు అక్షరాలు పట్టక వాటి చోట ప్రశ్నార్థకాలు పడతాయి. టేబుల్‌కూ, పీడీఓ కనెక్షన్ లైనుకూ రెండింటికీ యూటీఎఫ్8ఎమ్‌బీ4 అని పెట్టాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పేరు తిరిగి రాదు, మళ్లీ కొట్టాల్సిందే. ఎస్‌క్యూలైట్‌లో ఈ బాధ లేదు, దాని డీఫాల్టే యూటీఎఫ్-8. పేజీ పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని మాత్రం ఉండాలి.

బడిపంతులు:
నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. మా బడి కోసం పీహెచ్‌పీ నేర్చుకున్నాను. నెట్ తక్కువని అన్నావు కదమ్మా, దానికి నా అనుభవం చెబుతాను.

పీహెచ్‌పీ మాన్యువల్ మొత్తం దించుకోవచ్చు. డాక్యుమెంటేషన్ డౌన్‌లోడ్ పేజీలో హెచ్‌టీఎమ్‌ఎల్ రూపంలో దొరుకుతుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చదువుకోవచ్చు. నెట్ ఉన్నప్పుడు పీహెచ్‌పీ డాట్ నెట్ తర్వాత స్లాష్ (/) పెట్టి ఫంక్షన్ పేరు కొడితే నేరుగా ఆ పేజీకే వెళ్తుంది. తెలుగు అనువాదం లేదు, ఇంగ్లీషే. కానీ భయపడకు. ప్రతి పేజీ ఒకే పద్ధతిలో ఉంటుంది. ఫంక్షన్ ఏం చేస్తుంది, ఏం ఇవ్వాలి, ఏం తిరిగిస్తుంది, చివర ఉదాహరణ. నేనైతే ఉదాహరణ ముందు చదివి, అది నడిపి చూసి, తర్వాత పైన వివరణ చదివేవాణ్ణి. ఉదాహరణల కింద పాఠకులు రాసిన నోట్సు ఉంటాయి. వాటిలో చాలా పాతవి ఉన్నాయి, తేదీ చూడకుండా నమ్మొద్దు.

ల్యాప్‌టాప్ చేతిలో లేని వేళ ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే కమాండ్ల యాప్ వేసుకుని అందులోనే పీహెచ్‌పీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. సర్వర్ కమాండ్ కూడా అక్కడ పనిచేస్తుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా చిన్న ముక్క నడిపి చూడాలంటే త్రీవీఫోర్ఎల్ అనే సైట్ ఉంది. అక్కడ కోడ్ పెడితే వేర్వేరు పీహెచ్‌పీ వెర్షన్లలో ఏ ఫలితం వస్తుందో ఒకేచోట చూపిస్తుంది. పాత పాఠం ఎందుకు పనిచేయడం లేదో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

తెలుగులో వినాలనుకుంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడు. కొన్ని పాఠాలు తెలుగులో డబ్ అయ్యాయి. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ సిరీస్ మాత్రం పాత కాలం నాటిది. వేరియబుల్, లూప్, ఫంక్షన్ వంటి మొదటి పాఠాలకు బాగుంటుంది, డేటాబేస్ దగ్గరకు వచ్చేసరికి ఆపేసి మాన్యువల్‌కు రా.

అమీర్‌పేట_పాఠాలు:
ఇంగ్లీషులో వినగలిగితే లారాకాస్ట్స్ అనే వీడియో పాఠాల సైట్‌లో మొదటిసారి నేర్చుకునేవాళ్ల సిరీస్ చాలా బాగుంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని మెల్లగా చూడండి. అభ్యాసానికి ఎక్సర్సిజమ్ అనే సైట్‌లో పీహెచ్‌పీ ట్రాక్ ఉంది, ఉచితం. ఇవి కాక "పీహెచ్‌పీ ద రైట్ వే" అనే సైట్ ఒకటి. అది మొదటి రోజు చదివేది కాదు. కొంత రాయడం వచ్చాక చదివితే ఏది ఎందుకు అలా చేయాలో తెలుస్తుంది.

స్టూడెంట్ అన్నారు కాబట్టి పీహెచ్‌పీస్టార్మ్ అనే ఎడిటర్ విద్యార్థి లైసెన్సు ఉచితంగా వస్తుంది. మీ మెషీన్‌కు మాత్రం అది బరువే. ఇప్పుడే వద్దు.

తూర్పుకనుమలు:
నేను చేసే పని వెబ్‌సైట్ల భద్రత పరీక్షించడం. ఇక్కడ అందరూ చెప్పినవి మంచి మాటలు. మూడు అలవాట్లు మాత్రం మొదటి ప్రోగ్రాం నుంచే పట్టుబడాలి, తర్వాత నేర్చుకుందాం అనుకోకూడదు.

ఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లే ప్రతి విలువా ప్రిపేర్, ఎగ్జిక్యూట్ ద్వారానే వెళ్లాలి. తెర మీదకు వచ్చే ప్రతి మాటా హెచ్‌టీఎమ్‌ఎల్‌స్పెషల్‌క్యార్స్ (ట్యాగుల గుర్తులను మామూలు అక్షరాలుగా చూపించే ఫంక్షన్) గుండా రావాలి. లాగిన్ పెడితే పాస్‌వర్డ్_హ్యాష్‌తో దాచి, పాస్‌వర్డ్_వెరిఫైతో సరిచూడాలి.

"మా దుకాణంలోనే కదా, ఎవరు దాడి చేస్తారు" అనిపించొచ్చు. దాడి సంగతి పక్కన పెట్టండి. రైతు పేరు పక్కన ఎవరైనా సింగిల్ కోట్ గుర్తు కొట్టినా అతికించి రాసిన ఎస్‌క్యూఎల్ వాక్యం విరిగిపోతుంది. సరైన పద్ధతి రాయడానికి అదనంగా పట్టేది ఒక లైను. పాత ప్రాజెక్టుల్లో నేను చూసే లోపాల్లో చాలావాటికి మూలం, మొదటి పాఠంలో నేర్చుకున్న అతికింపు అలవాటే. పాఠం చెప్పేవాళ్లకు "ముందు సులువుగా చూపిద్దాం, తర్వాత సరిదిద్దుకుంటారు" అనే ఆలోచన ఉంటుంది. ఆ తర్వాత అనేది చాలామందికి రాదు.

డల్లాస్_తెలుగు:
ఇది ఒప్పుకుంటున్నాను. జావాస్క్రిప్ట్ పాఠాల్లోనూ ఇదే జబ్బు ఉంది. సరే, పీహెచ్‌పీ అయితే నేరుగా లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) మొదలుపెట్టొచ్చు కదా? ఉద్యోగాల ప్రకటనల్లో అదే అడుగుతున్నారు.

కృష్ణాతీరం:
మొదలుపెట్టొచ్చు, కానీ ఈ ఖాతా ఒకసారి ఫ్రేమ్‌వర్క్ లేకుండా రాశాక. అప్పుడు లారావెల్ ఏ పని తప్పిస్తోందో తెలుస్తుంది. లేకపోతే ఎర్రర్ వచ్చినప్పుడు అది తన కోడ్‌దా, లారావెల్‌దా అని తెలియక టెన్షన్. కంపోజర్ మాత్రం ముందే పరిచయం చేసుకోవాలి. బయటి లైబ్రరీలు తెచ్చుకునే టూల్ అది, లారావెల్‌కూ అదే కావాలి.

మల్లెపందిరి:
కృష్ణాతీరం గారు చెప్పిన పద్ధతిలో జిప్ వేసుకున్నాను. సర్వర్ నడిచింది! ల్యాప్‌టాప్ కూడా నెమ్మదించలేదు. ఎస్‌క్యూలైట్‌లో రైతుల టేబుల్ చేసి పేర్లు వేశాను, తెలుగులో చక్కగా వస్తున్నాయి. ఒక పేజీలో మాత్రం "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని వస్తోంది. సేవ్ అయ్యాక జాబితా పేజీకి వెళ్లమని రాసిన చోట. ముందు ఏమీ ప్రింట్ చేయలేదు. ఆ ఫైల్ మాత్రం నోట్‌ప్యాడ్‌లో రాశాను.

ఇంకో ప్రశ్న, మా క్లాస్‌మేట్లు ఏఐ చాట్‌ను అడిగితే మొత్తం కోడ్ ఇచ్చేస్తుంది, నేర్చుకోవడం ఎందుకు అంటున్నారు.

బడిపంతులు:
నోట్‌ప్యాడ్ అన్నావు కదా, అక్కడే ఉంది. విండోస్ 10 పాత అప్‌డేట్లలోని నోట్‌ప్యాడ్, యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో బామ్ అనే కంటికి కనబడని మూడు బైట్లు పెడుతుంది. పీహెచ్‌పీ వాటిని బయటకు పంపేస్తుంది. పంపాక హెడర్ (పేజీకి ముందు బ్రౌజర్‌కు వెళ్లే సూచన) మార్చడం కుదరదు. తెలుగు రాసేవాళ్లకే ఇది ఎక్కువగా ఎదురవుతుంది, ఇంగ్లీషు ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయాల్సిన అవసరమే రాదు కాబట్టి. వీఎస్ కోడ్‌లో ఫైల్ తెరిచి, కింద కుడివైపు ఎన్‌కోడింగ్ మీద నొక్కి, బామ్ లేని యూటీఎఫ్-8గా సేవ్ చెయ్. ఫైల్ చివర మూసే ట్యాగ్ కూడా తీసెయ్, దాని తర్వాత ఉండిపోయిన ఖాళీ లైన్లు కూడా ఇదే ఎర్రర్ తెస్తాయి.

అమీర్‌పేట_పాఠాలు:
ఏఐ గురించి నా అభిప్రాయం. ఎర్రర్ మెసేజ్ పెట్టి "దీని అర్థం తెలుగులో చెప్పు" అని అడగండి. అది నిజంగా పెద్ద సాయం, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు. కోడ్ రాసిపెట్టమని మాత్రం ఇప్పుడే అడగొద్దు. అది లేని ఫంక్షన్‌ను ఉన్నట్టు రాసిస్తే పట్టుకోవడానికి మీకు తెలిసి ఉండాలి కదా. ఇచ్చిన ప్రతి ఫంక్షన్ పేరునూ మాన్యువల్లో వెతికి చూడండి, పేజీ లేకపోతే అది లేనట్టే. నా క్లాసులో, రాసింది లైను లైనుకు వివరించగలిగితేనే మార్కులు. అది ఎవరు రాసిచ్చినా సరే.

తూర్పుకనుమలు:
డబ్బు లెక్క రాస్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. మొత్తాలను ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం)లో పెట్టొద్దు. పీహెచ్‌పీలో 0.1, 0.2 కలిపి 0.3తో పోల్చి చూడండి, సమానం కాదంటుంది. ఎస్‌క్యూలైట్‌లో నిఖార్సైన డెసిమల్ రకం లేదు. అందుకని పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచండి, చూపించేటప్పుడు వందతో భాగించండి. ఇంకా, బాకీ మొత్తం అనే కాలమ్ పెట్టి దాన్ని దిద్దుతూ పోవద్దు. ఇచ్చిన అరువు, వచ్చిన జమ ఒక్కొక్కటీ తేదీతో విడి వరుసగా ఉండాలి. బాకీ వాటిని కూడితే వచ్చేది. నాన్నగారి పుస్తకంలోనూ అలాగే ఉండి ఉంటుంది.

మల్లెపందిరి:
అవునండీ, పుస్తకంలో అచ్చం అలాగే రాస్తారు. హెడర్ ఎర్రర్ పోయింది, పంతులు గారికి కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. నాన్న కౌంటర్ దగ్గర ఫోన్‌లో చూసుకోవాలంటే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టొచ్చా? అది ఉచితం అన్నారు.

కృష్ణాతీరం:
కుదరదమ్మా. గిట్‌హబ్ పేజెస్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లే నడుస్తాయి, పీహెచ్‌పీ నడవదు. పైగా రైతుల బాకీలు బయట నెట్‌లో పెట్టే ఆలోచన ఇప్పుడే వద్దు.

ల్యాప్‌టాప్, నాన్న ఫోన్ ఒకే హాట్‌స్పాట్‌లో ఉంటే సర్వర్ కమాండ్‌లో లోకల్‌హోస్ట్ బదులు 0.0.0.0 అని పెట్టి నడుపు. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే అనుమతి ఇవ్వు. ఐపీకాన్ఫిగ్ కొడితే ల్యాప్‌టాప్ అడ్రస్ వస్తుంది. ఫోన్ బ్రౌజర్లో ఆ అడ్రస్, పక్కన కోలన్ పెట్టి 8000 కొడితే ఖాతా తెరుచుకుంటుంది. ఆ హాట్‌స్పాట్‌లో ఉన్న ఎవరికైనా తెరుచుకుంటుంది కాబట్టి ముందు లాగిన్ పెట్టు, పాస్‌వర్డ్_హ్యాష్‌తో. ఎస్‌క్యూలైట్ ఫైలును కూడా పేజీలున్న ఫోల్డర్లో కాకుండా దాని బయట పెట్టు. లేకపోతే అడ్రస్ బార్లో ఫైల్ పేరు కొట్టి ఎవరైనా ఖాతా మొత్తం దించుకోగలరు. రోజూ దుకాణం కట్టేసే ముందు సర్వర్ ఆపి, ఆ ఫైల్‌కు తేదీ పేరుతో ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకో.